ఆరో నంబరు ప్లాను

నరసరావుపేటలో ప్లాన్ల ఉపేంద్ర వినుకొండ రోడ్డు మీదుగా వెళ్లడం మానేసి ఏడాది కావస్తోంది. రోడ్డు ఆయనకేం అపకారం చెయ్యలేదు. ఆయనకే ఆ రోడ్డంటే గిట్టడం లేదు. అటూ ఇటూ కొత్త లేఅవుట్లలో లేస్తున్న ఇళ్లలో సగం ఒకే పోలికతో ఉంటున్నాయి. కింద ఒక వాటా, పైన రెండు వాటాలు, వాయవ్యం మూల మెట్లు, హాలుకీ వంటింటికీ నడుమ ఛాతీ ఎత్తు గోడ. కాగితాల్లో దాని పేరు ఆరో నంబరు ప్లాను. ఊళ్లో జనం మాత్రం గ్రేస్ ప్లాను అంటారు. ఆ రెండో పేరు చెవిన పడితే ఉపేంద్రకి నోట్లో ఉన్న కిళ్లీ కూడా చేదెక్కుతుంది.

ఓర్వలేనితనం లేని మనిషి ఎక్కడుంటాడు. ఒకరికి తోడికోడలి గాజుల మీద ఉంటుంది, ఇంకొకరికి పక్క చేలో పత్తి కాపు మీద ఉంటుంది. ఉపేంద్రకి ఒక గోడ మీద ఉంది. అదీ తన దగ్గర పెన్సిల్ చెక్కడం నేర్చుకున్న పిల్ల గీసిన గోడ మీద. అందుకే అంత మంట.

ఆయన పుట్టింది మాచవరంలో. నలుగురు అన్నదమ్ములు పంచుకుంటే చాలని మెరక పొలం, అందులో ఆయనకి సరిపోయేదేమీ కనిపించలేదు. ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు చదివి, గీతలు గీసే టీ స్క్వేరు చంకలో పెట్టుకుని పేటకి వచ్చాడు. అప్పటికి ఊళ్లో చాలామంది ప్లాను లేకుండానే ఇల్లు కట్టేవాళ్లు. మేస్త్రీ నేల మీద ముగ్గు పోసి, ఇది హాలు, ఇది గది అని కాలితో చూపిస్తే యజమాని తల ఊపేవాడు. ఉపేంద్ర వచ్చి ఆ ముగ్గుని కాగితం మీదికి ఎక్కించాడు. మున్సిపల్ ఆఫీసు ఎదురు సందులో ఒక గది తీసుకుని, ఇంటి ప్లాన్లు, ఎస్టిమేట్లు, అప్రూవల్ అని బోర్డు కట్టాడు. బోర్డు రంగు రెండు సార్లు మార్చాడు గానీ గది మార్చలేదు.

మిల్లు యజమానులు వచ్చారు, హెడ్మాస్టర్లు వచ్చారు, కొత్తగా ఆస్పత్రి పెట్టిన డాక్టర్లు వచ్చారు. బయట ఎంతటి పెద్దమనిషైనా, ఆయన బల్ల మీద ప్లాను పరచగానే ముందుకి ఒంగాల్సిందే. మా పడక గది ఏది, మా దేవుడి గది ఏది అని వేలితో వెతుక్కోవాల్సిందే. అట్లా ఒంగిన తలలు చూడటం ఉపేంద్రకి మహా ఇష్టం. ఆయన గీసిన ఇల్లు లేని వీధి అరండల్‌పేటలోనూ లేదు, ప్రకాష్ నగర్లోనూ లేదు. సాయంత్రాలు స్కూటర్ మీద ఊరు చుట్టి వస్తూ ఇది నాది, ఇదీ నాదే అని లోపల్లోపల అనుకుంటూ ఉండేవాడు. ఆ ఇళ్లలో ఒక్కదాన్నయినా ఎవరూ ఉపేంద్ర ఇల్లు అనలేదు. డాక్టరు గారి మేడ అనీ, మిల్లు వాళ్ల ఇల్లు అనీ అన్నారు. అది తప్పని ఆయనకి అప్పట్లో అనిపించలేదు కూడా.

ఇంతమందికి ఇళ్లు గీసిన ఉపేంద్ర ఉండేది బరంపేటలో అద్దె వాటాలో. వినుకొండ రోడ్డు పక్కన నాలుగు సెంట్ల స్థలం ఎప్పుడో కొన్నాడు. ఉత్తరం వీధి, మంచి స్థలం. దాని ప్లాను మాత్రం తెమలదు. గీస్తాడు, మెచ్చుకుంటాడు, ఆర్నెల్లకి మళ్లీ చూసుకుని పెదవి విరుస్తాడు. పోర్టికోకి గుండ్రటి స్తంభాలు తగిలిస్తాడు, తీసేస్తాడు, మెట్లు ఒంపు తిప్పుతాడు. తన ఇల్లు చూసి ఊరు ఆగిపోవాలని ఆయన కోరిక. భార్య సుబ్బలక్ష్మి కొత్తలో ఎప్పుడు మొదలెడదామని అడిగేది. తరవాత పండగలకి అడిగేది. కూతురు కీర్తి పెళ్లయి గుంటూరు వెళ్లాక అడగడమే మానేసింది.

ఇక గ్రేస్. ఆ పిల్ల తండ్రి దేవానందం పేరున్న తాపీ మేస్త్రీ. ఉపేంద్ర గీస్తే దేవానందం కట్టేవాడు, ఇద్దరిదీ చానాళ్ల జోడీ. కూతురికి ఇంటర్ మొదటి ఏడాది పరీక్షలయ్యాక ఒకరోజు వెంటబెట్టుకొచ్చి, పిల్లకి గీతలు గీయడం నేర్పమని అడిగాడు. ఎండలో తనతో పాటు తట్టలు మోసే ఖర్మ దీనికి పట్టకూడదన్నాడు. ఉపేంద్ర నేర్పాడు. మంచిగానే నేర్పాడు, ఆ మాట ఒప్పుకోవాలి. పెన్సిల్ మొన ఎట్లా చెక్కాలో, తలుపు ఎటు తెరుచుకుంటుందో కాగితం మీద ఎట్లా చూపాలో దగ్గరుండి చెప్పాడు. రెండు వేసవులు ఆ పిల్ల బల్ల చివర కూర్చుని గీసింది. మధ్యాహ్నం అన్నానికి ఇంటికే తీసుకెళ్లేవాడు. తిన్నాక ఆయన ఒక కునుకు తీసేవాడు, లేచేసరికి గ్రేస్ వంటింటి గడప మీద కూర్చుని సుబ్బలక్ష్మితో ఏదో ఒకటి మాట్లాడుతూ కనబడేది.

విజయవాడలో ఆర్కిటెక్చరులో సీటొచ్చినప్పుడు ఊళ్లో మిఠాయి పంచింది ఉపేంద్రే. మా పిల్ల, మా పిల్ల అని మురిసిపోయాడు. చిన్నవాళ్లని మెచ్చుకోవడం తేలికే, వాళ్లు చిన్నగా ఉన్నంత కాలం.

రెండేళ్ల కిందట, గ్రేస్ చదువు ముగిసే వేళకి, సర్కారు వాళ్లు ఒక కొత్త పద్ధతి తెచ్చారు. టీచర్లు, నర్సులు, గుమస్తాలు, చిన్న వ్యాపారులు, చేతిలో మూడు నాలుగు సెంట్లు ఉండి, కట్టుకునే ఓపిక ఉండి, అనుమతుల కోసం తిరగలేక ఆగిపోయినవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. వాళ్ల కోసం ముందే అనుమతి ఇచ్చేసిన ప్లాన్లని ఒక పుస్తకంగా వేశారు. స్థలం కొలత, వీధి దిక్కు చూసుకుని ఒక నంబరు ఎంచుకోవడమే. నంబరు చెబితే ఆ పూటే అనుమతి. ఒక్కో స్థలంలో మూడు వాటాలు లేస్తాయి కాబట్టి పై వాటాలు అమ్ముకోవచ్చు, అద్దెకిచ్చుకోవచ్చు. ఒక ఇల్లు కట్టే చోట మూడు కుటుంబాలు కుదురుకుంటాయని వాళ్ల ఆలోచన. ఆ పుస్తకం కోసం గీసేవాళ్లందరినీ ప్లాన్లు పంపమన్నారు. ఉపేంద్ర కూడా పంపాడు, ఎవరికీ చెప్పకుండా, భార్యకి కూడా చెప్పకుండా. ఏళ్ల తరబడి తన కోసం గీసుకుంటున్న ప్లానునే కాస్త కుదించి, గుండ్రటి స్తంభాలు ఉంచి పంపాడు.

పుస్తకం వచ్చింది. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా తిప్పాడు, చివరి నుంచి మొదటి దాకా తిప్పాడు. గుండ్రటి స్తంభాలు ఎక్కడా లేవు. ఆరో నంబరు కింద మాత్రం చిన్న అక్షరాల్లో గ్రేస్ పేరు ఉంది. పుస్తకం మూసి బల్ల సొరుగులో పడేశాడు. దేవానందం మిఠాయి పెట్టెతో వచ్చి, అంతా మీ చలవేనని కళ్లనీళ్లు పెట్టుకుంటే, ఉపేంద్ర నవ్వాడు. నవ్వి, షుగరుందని చెప్పి మిఠాయి పక్కన పెట్టేశాడు. ఆయనకి షుగరు లేదు.

ఊరు ఆరో నంబరు మీద పడింది. ఆస్పత్రి నర్సు ఫిలోమినా ముందు కట్టింది. ఆ ఇల్లు చూడటానికి వెళ్లిన ఆడవాళ్లు తిరిగొచ్చి మొగుళ్ల ప్రాణం తీశారు. కారణం ఆ గోడ. పొయ్యి ఆగ్నేయంలోనే ఉంది, వండే మనిషి తూర్పు ముఖంగానే నిలబడుతుంది, అంతా అందరి ఇళ్లలో లాగే. కానీ ఎడమ చేతి వైపు గోడ ఛాతీ దాకా లేచి ఆగిపోయింది. వండుతూ కాస్త తల తిప్పితే హాలంతా, వీధి గుమ్మం దాకా కనబడుతుంది. ఎవరొచ్చారో కనబడుతుంది, పిల్లలేం చేస్తున్నారో కనబడుతుంది, టీవీ కూడా కనబడుతుంది. ఇంతే. ఈ ముష్టి గోడ కోసం ఊరు వెర్రెత్తిపోవడం ఉపేంద్రకి అర్థం కాలేదు. ఆయన కళ్లలో నిప్పులు పోసుకున్నాడు. అప్పట్లో అటు పనున్నా లేకపోయినా ఫిలోమినా ఇంటి ముందు స్కూటర్ ఆపి, గోడల్లో పగుళ్లేమైనా వచ్చాయేమోనని కళ్లు చికిలించి చూసేవాడు. కట్టింది దేవానందం కాబట్టి పగుళ్లు రాలేదు. దానికీ ఏడుపే.

ఆ రోజుల్లోనే ఒకనాడు అన్నం వడ్డిస్తూ సుబ్బలక్ష్మి మెల్లగా, మన స్థలంలో కూడా ఆరో నంబరే కట్టుకుందామని అంది. ఎన్నో ఏళ్ల తరవాత ఇంటి మాట ఎత్తడం అదే.

ఉపేంద్ర అన్నంలో చెయ్యి అట్లాగే ఉంచి లేచినంత పని చేశాడు. ఊరందరికీ గీసిన మొగుణ్ణి ఇంట్లో పెట్టుకుని, మేస్త్రీ కూతురు గీసిన ఇంట్లో కాపరం చేస్తావా అన్నాడు. ఊళ్లో నా ముఖం ఎట్లా చూపించుకోవాలన్నాడు. అరిచాక కూడా చల్లారక, ఆ పుస్తకం ఇంట్లో కనబడితే పొయ్యిలో పెడతానన్నాడు. సుబ్బలక్ష్మి చారు పోసింది.

అప్పుడు ఉపేంద్రకి ఒక ఉపాయం తట్టింది. తట్టడం కాదు, మనిషికి కుళ్లే దారి చూపిస్తుంది. వీధి గుమ్మంలో నుంచి పొయ్యి కనపడకూడదని ఒక నమ్మకం ఉంది. కనపడితే ఇంట్లో లక్ష్మి నిలవదంటారు. ఈ మాట పల్నాడులో ఇల్లు కట్టేవాడి చెవిన వేస్తే చాలు, ఇక వాడికి నిద్ర పట్టదు. వాస్తు నమ్మనని బల్ల గుద్ది చెప్పేవాడు కూడా, పోనీ మన దాకా ఎందుకు రానివ్వాలి అని గోడ జరిపేస్తాడు. ఉపేంద్రకి ఈ సంగతి కొట్టిన పిండి. ఇంకో సులువు కూడా ఉంది. పుస్తకంలోని తయారు ప్లానులో ఒక్క గోడ పెంచినా అది తయారు ప్లాను కాకుండా పోయి మామూలు ఫైలవుతుంది. మామూలు ఫైలుకి లైసెన్సు ఉన్నవాడి సంతకం కావాలి. ఆ సంతకం పెట్టేవాడు మున్సిపల్ ఆఫీసు ఎదురు సందులోనే కూర్చుని ఉన్నాడు.

మొదట దొరికింది పప్పుల కొట్టు సుబ్బారావు. పాత స్నేహితుడు, మాట మీద నిలబడే మనిషి, కానీ లక్ష్మి విషయంలో మహా పిరికివాడు. ఆరో నంబరు ఎంచుకుని, పద్ధతిగా ఒకసారి నీ చెవిన వేద్దామని వచ్చానన్నాడు. ఉపేంద్ర ప్లాను అందుకుని చూశాడు. చానాసేపు చూశాడు. పెదవి విరిచి, ఏమీ అనకుండా తిరిగి ఇచ్చేశాడు.

"ఏందయ్యా, ఏం మాట్లాడవు?" అన్నాడు సుబ్బారావు, అప్పుడే సగం భయపడిపోయి.

"నేను చెబితే ఆ పిల్ల మీద ఏడుస్తున్నానంటారు. ఎందుకులే. గుమ్మంలో నిలబడితే పొయ్యి కనపడిద్ది. అంతకంటే నేనేం చెప్పను."

సుబ్బారావు గోడ పైకప్పు దాకా లేపించాడు. సుబ్బారావు లేపించాడని తెలిసి వాళ్ల వీధిలో ఇద్దరు లేపించారు. ఉపేంద్ర బల్ల ముందు మళ్లీ తలలు ఒంగాయి. గ్రేస్ గీసిన కాగితం మీద ఎర్ర పెన్సిలుతో గోడ నింపి, కింద సవరించినవారు అని తన పేరు రాసి సంతకం పెడుతుంటే, ఆయనకి చిన్నప్పుడు దొంగతనంగా తిన్న బెల్లం కంటే రుచిగా ఉండేది. ఆ రోజుల్లో ఆకలి బాగా వేసేది, నిద్ర బాగా పట్టేది. రోజూ సాయంత్రం ఇంటికొచ్చి ఇవాళ ఎన్ని గోడలు మూయించాడో సుబ్బలక్ష్మికి చెప్పేవాడు. ఆవిడ వినేది. ఒక్కోసారి మధ్యలోనే లేచి వెళ్లి పొయ్యి మీద ఏదో పెట్టేది.

ఈ సంగతి గ్రేస్ దాకా వెళ్లకుండా ఎట్లా ఉంటుంది. ఒకరోజు వచ్చింది. ఇప్పుడు ఆ పిల్ల పిల్లలా లేదు, చేతిలో కారు తాళాలు, కళ్లకి అద్దాలు. బల్ల చివర పాత చోటులోనే కూర్చుంది. ఉపేంద్ర కాగితాల మీద నుంచి తల ఎత్తలేదు.

"సార్, మీరు చెబితేనే గోడలు లేపుతున్నారంట" అంది. "మెట్లు మార్చండి, కిటికీలు మార్చండి, నేనేం అనుకోను. ఆ ఒక్క గోడ వదిలెయ్యండి సార్."

"ఏం, అదేమన్నా బంగారంతో కట్టిందా?"

"కాదు సార్. అసలది నాది కాదు. అది..."

"నీది కాకపోతే ఎవరిదమ్మా?" ఉపేంద్ర గొంతు సందు చివరి దాకా వినబడింది. "గ్రేస్ ప్లాను, గ్రేస్ ప్లాను అని ఊరంతా ఊగుతుంటే నీది కాదా? నీ పేరేగా అచ్చేసుకుంది?"

గ్రేస్ కారు తాళాలు అందుకుంది. పిన్నిగారు ఎట్లా ఉన్నారని అడిగి, లేచి వెళ్లిపోయింది. చూశావా, జారుకుంది అనుకున్నాడు ఉపేంద్ర, టీ తెప్పించుకున్నాడు. గెలిచినట్టే ఉంది ఆయనకి.

సుబ్బారావు ఇంటి గృహప్రవేశం శ్రావణంలో పెట్టుకున్నారు. ఉపేంద్ర ఉతికిన పంచె కట్టుకుని, సుబ్బలక్ష్మిని వెంటబెట్టుకుని వెళ్లాడు. వెళ్లడం మానేసిన వినుకొండ రోడ్డు మీదే ఆ రోజు తల ఎత్తుకుని నడిచాడు. గుమ్మంలో నిలబడి చూస్తే ఎదురుగా నిండు గోడ, దాని మీద వేంకటేశ్వర స్వామి పటం. పొయ్యి కాదు కదా, పొగ కూడా కనపడదు. సుబ్బారావు వచ్చినవాళ్లందరికీ ఉపేంద్ర తన ఇంటి లక్ష్మిని కాపాడాడని చెబుతున్నాడు. గ్రేస్‌నీ, దేవానందాన్నీ కూడా పిలిచారు. ఆ పిల్ల గుమ్మంలో ఆగి గోడ వంక చూడటం ఉపేంద్ర చూశాడు, చూసి ఇంకో జీడిపప్పు నోట్లో వేసుకున్నాడు.

పాలు పొంగించే వేళయింది. ఆడవాళ్లంతా ఆ మూసిన వంటింట్లో ఇరుక్కున్నారు. సుబ్బారావు తల్లి రామాయమ్మ మోకాళ్ల నొప్పుల మనిషి, హాల్లో కుర్చీలో కూర్చోబెట్టారు. లోపల గోల వినబడుతోంది గానీ ఏమీ కనబడటం లేదు. పొంగినయ్యా, పొంగినయ్యా అని రెండు సార్లు అడిగింది. ఎవరూ పలకలేదు. తీరా పొంగాయని లోపలి నుంచి ఎవరో చెప్పేసరికి, కొడుకు కట్టిన ఇంట్లో పాలు పొంగడం ఆవిడ గోడ ఇవతల చెవులతోనే చూసుకోవాల్సి వచ్చింది.

"ఫిలోమినా ఇంట్లో ఇట్టా లేదురా" అంది రామాయమ్మ కొడుకుతో. "అక్కడ నేను కుర్చీలో కూర్చునే లోపలి వాళ్లందర్నీ చూశా."

సుబ్బారావు వినిపించుకోనట్టు పక్కకి తప్పుకున్నాడు. ఉపేంద్ర కూడా వినిపించుకోలేదు.

టిఫిన్లకి అందరూ మేడ మీదికి వెళ్లారు. ఉపేంద్ర జనం మధ్య ఇమడలేక ప్లేటు పట్టుకుని కిందే ఉండిపోయాడు. వేంకటేశ్వర స్వామి పటం కింద గోడకి ఆనుకుని నిలబడ్డాడు. వంటింట్లో ఇంకా ఎవరో ఉన్నారు. మాటలు గుమ్మంలో నుంచి మెల్లగా వస్తున్నాయి. ఒకటి గ్రేస్ గొంతు. రెండోది విని ఆయన నమలడం ఆపాడు. సుబ్బలక్ష్మి మాట్లాడుతోంది.

"చూశారా పిన్నీ, మీ గోడ" అంది గ్రేస్.

"నా గోడ ఏడుందే. కప్పెట్టేశారుగా."

"సార్‌కి చెబుదామనే వెళ్లా. నోరు తెరవనియ్యలా."

"పోనీలే. నేనే చెప్పలేకపోయా, నువ్వేం చెబుతావు." కాసేపు గిన్నెల చప్పుడు. తరవాత సుబ్బలక్ష్మి గొంతు మళ్లీ వచ్చింది, ఉపేంద్ర ఎన్నో ఏళ్లుగా వినని హుషారు గొంతు. "మొన్న ఫిలోమినా వాళ్లింటికి వెళ్లానే. ఊరికే చూసిపోదామని వచ్చా అని చెప్పా. పొయ్యి దగ్గర నిలబడి తల తిప్పితే వీధి గుమ్మం దాకా కనపడింది. అప్పుడు నీతో చెప్పానే, అచ్చం అట్టానే గీశావు. ఆమె కాఫీ పెడతానంటే వద్దని, కాసేపు అట్టా నిలబడి వచ్చేశా."

గ్రేస్ ఏదో అంది. ఇద్దరూ నవ్వారు. గోడకి ఈ పక్కన ఉపేంద్రకి ఆ నవ్వు వినబడింది గానీ ముఖాలు కనబడలేదు. కనబడకుండా ఎర్ర పెన్సిలుతో నింపింది ఆయనే.

అంతదాకా ఆయన కుళ్లు బయట తిరిగింది. పిల్ల మీద, పుస్తకం మీద, ఊళ్లో ప్రతి కొత్త గోడ మీద. ఇప్పుడది తిన్నగా ఇంట్లోకి వచ్చింది. గ్రేస్‌కి పేరొచ్చినందుకు ఇంతగా మండలేదు ఆయనకి. తన పెళ్లాం తనకి చెప్పుకోని మాట ఆ పిల్లకి చెప్పుకుంది, ఆ పిల్లతో నవ్వుతోంది, పరాయి ఇంటి పొయ్యి దగ్గర దొంగలా నిలబడి వచ్చిన సంగతి కూడా ఆ పిల్లకే చెబుతోంది. చేతిలో ప్లేటు ఒక కుర్చీ మీద పెట్టి, భోజనానికి ఆగకుండా సుబ్బలక్ష్మిని పిలుచుకుని బయల్దేరాడు. దారి పొడుగునా ఆరో నంబర్లే. ఒక్కదాని వంకా చూడలేదు.

ఇంటికొచ్చాక సుబ్బలక్ష్మి పట్టుచీర మార్చుకుని వంటింట్లోకి వెళ్లింది. ఉపేంద్ర హాల్లో కూర్చున్నాడు, లేచాడు, మళ్లీ కూర్చున్నాడు. చివరికి వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"ఏమే, ఆ గోడ నువ్వు చెప్పిందా?"

సుబ్బలక్ష్మి బియ్యం కడుగుతోంది. ఆగింది. అడగాల్సింది ఎప్పుడో ఒకప్పుడు అడుగుతాడని తెలిసినట్టే ఉంది ఆవిడ ముఖం.

"ఆ. నేను చెప్పిందే."

"మొగుడు ఈ ఊళ్లో ప్లాన్లు గీసేవాడు. వాడికి చెప్పకుండా ఆ పిల్లకి చెబుతావా? నేనంటే అంత లోకువా?"

"మీకే ముందు చెప్పానండి" అంది సుబ్బలక్ష్మి. గొంతు పెంచలేదు. "రామిరెడ్డిపేటలో ఉన్నప్పుడు. కీర్తి పాకే రోజులు. గుర్తుందా, పాక్కుంటా వీధిలోకి వెళ్లిపోయింది. మిరపకాయల ట్రాక్టరు ఆపి, ఆ డ్రైవరు ఎత్తుకొచ్చి ఇచ్చాడు."

ఉపేంద్రకి గుర్తుంది. పిల్ల మహా గడుసుదని, ట్రాక్టరుకే ఎదురెళ్లిందని నలుగురిలో ఎన్నోసార్లు చెప్పి నవ్వించాడు. డ్రైవరు తలపాగా రంగు కూడా గుర్తుంది.

"నేను పప్పు తిరగబోత పెడుతున్నా. వీపు వెనక పిల్ల పోయింది, నాకు తెలియలా. ఆ డ్రైవరు గుమ్మంలో నిలబడి అమ్మా అని అరిస్తే అప్పుడు తిరిగా. ఆ రాత్రి మీకు చెప్పా. మనం కట్టుకునే ఇంట్లో ఆ గోడ సగం దాకే ఉండాలి, పొయ్యి దగ్గర నుంచి నాకు వీధి గుమ్మం కనపడాలి అని. మీరు పడుకోబోతా, వంటింటి గోడలు నీకెందుకే, వాస్తు ఒప్పుకోదు అన్నారు."

ఉపేంద్ర గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాడు. ట్రాక్టరు గుర్తొస్తోంది, మట్టి కొట్టుకున్న పిల్ల మోకాళ్లు గుర్తొస్తున్నాయి. ఆ రాత్రి సుబ్బలక్ష్మి అడిగింది మాత్రం ఎంత తవ్వినా గుర్తు రావడం లేదు. అనలేదని వాదిద్దామనుకున్నాడు. అనే ఉంటాడని తెలుసు. ఎందరి భార్యలతోనో బల్ల దగ్గర అచ్చం అదే మాట అన్నాడు.

"తరవాత ఎప్పుడో ఆ పిల్ల ఇక్కడ కూర్చుని, పిన్నీ మీకు ఎట్టాంటి వంటిల్లు కావాలి అని అడిగింది" అంది సుబ్బలక్ష్మి. "ఊరికే అడిగింది. నన్ను ఎవరూ అడగలేదు కదా, చెప్పేశా. అది గుర్తు పెట్టుకుని గీసిద్దని నేననుకున్నానా. గీసి, పంపే ముందు తెచ్చి చూపించింది. చానా సంతోషం వేసింది. మీకు చెప్పాలనే, ఆరో నంబరు కట్టుకుందామని అడిగా. పొయ్యిలో పెడతానన్నారు. ఇది నేను చెప్పిన ఇల్లండీ అంటే, దానికీ వాస్తు చూస్తారేమోనని భయమేసి ఊరుకున్నా."

ఉపేంద్ర వెళ్లి బీరువా మీద నుంచి తన ప్లాను చుట్ట దించాడు. దుమ్ము దులిపి, తెచ్చి వంటింటి గట్టు మీద పరిచాడు. గుండ్రటి స్తంభాలు, ఒంపు తిరిగిన మెట్లు, ఆగ్నేయం మూల నాలుగు వైపులా నిండు గోడలతో వంటిల్లు. జేబులో నుంచి పెన్సిల్ తీశాడు. గ్రేస్ మీద ఏడుపు ఆ నిమిషంలో కూడా పోలేదు, పోయిందని చెబితే అబద్ధం. ఆ పిల్ల గీసిన దానికంటే బాగా గీసి చూపించాలని, ఈసారి ఇల్లు చూసి ఊరు ఆగకపోయినా ఈ ఒక్క మనిషి ఆగితే చాలని ఉంది.

"చెప్పవే" అన్నాడు. "గోడ ఎంత ఎత్తు కావాలి, ఇంకా ఏమేం కావాలి, అన్నీ చెప్పు. ఇప్పుడే గీస్తా."

సుబ్బలక్ష్మి ఆ ప్లాను వంక చూసింది. ముందుకి ఒంగలేదు. తడి తగలకుండా దాన్ని కాస్త పక్కకి జరిపి, ఎసరు పెట్టడానికి పొయ్యి వైపు తిరిగింది.

"ఎందుకండీ" అంది, వీపు ఇటు పెట్టి. "గీసింది ఉందిగా."